నెట్, సెట్, సీఎస్‌ఐఆర్, గేట్: మీరు ఏది రాయాలి?

"నెట్‌కి ప్రిపేర్ అవుతున్నా" అనే మాట ఓయూ హాస్టళ్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందర, తార్నాక రూముల్లో రోజూ వినబడుతుంది. నెట్ అంటే కాలేజీలో పాఠం చెప్పే అర్హతకూ, రీసెర్చ్ ఫెలోషిప్‌కూ రాసే జాతీయ పరీక్ష. ఏ నెట్, ఎందుకోసం అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఒకరికి లెక్చరర్ ఉద్యోగం కావాలి. ఒకరికి రూమ్ అద్దె కట్టుకుంటూ రీసెర్చ్ చేసుకునే ఫెలోషిప్ కావాలి. ఇంకొకరికి పీహెచ్‌డీ సీటు దొరికితే చాలు. ముగ్గురూ ఒకే గైడు కొంటారు, ఒకే ఫారం నింపుతారు. రెండు మూడేళ్లు గడిచాక, తనకు కావలసింది ఆ పరీక్ష ఇచ్చేదే కాదని ఒకరికి తెలుస్తుంది. ఊళ్లో అమ్మానాన్నలు ఖర్చులకు డబ్బు పంపిస్తుంటే అన్నేళ్లు పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. అందుకే పుస్తకాల జోలికి వెళ్లకముందే ఏ పరీక్ష రాయాలో తేల్చుకోవాలి. అది ఎలాగో వరసగా చెప్తాను.

1. మీకు ఏం కావాలో ముందు రాసుకోండి

ఒక కాగితం మీద మూడు మాటలు రాయండి: పాఠం చెప్పే అర్హత, నెలనెలా ఫెలోషిప్, పీహెచ్‌డీ సీటు. మీకు ఏది అన్నిటికన్నా ముఖ్యమో దాని పక్కన టిక్ పెట్టండి. మూడూ కావాలనిపించడం సహజమే. అయినా ఒకదాన్ని ముందు పెట్టుకోండి, ఎందుకంటే పరీక్షలన్నీ మూడూ ఇవ్వవు.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నెట్ మూడూ ఇవ్వగలదు, కానీ అందరికీ మూడూ ఇవ్వదు. 2024 జూన్ సైకిల్ (పరీక్ష విడత) నుంచి ఫలితాలు మూడు మెట్లుగా వస్తున్నాయి. పై మెట్టులో ఉన్నవారికి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం, మూడూ దక్కుతాయి. రెండో మెట్టులో ఫెలోషిప్ ఉండదు, మిగతా రెండూ ఉంటాయి. మూడో మెట్టువారికి పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. ఫారంలో దేనికి అప్లై చేస్తున్నారని అడిగే చోట జాగ్రత్తగా ఉండండి. వయసు సరిపోతే జేఆర్‌ఎఫ్ ఉన్న ఆప్షనే పెట్టండి. "మనకెక్కడ వస్తుందిలే" అనుకుని అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒక్కటే టిక్ చేస్తే, రేపు ఎంత మంచి మార్కులు వచ్చినా మిమ్మల్ని ఫెలోషిప్‌కు లెక్కలోకి తీసుకోరు.

సీఎస్‌ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి)-యూజీసీ నెట్ కూడా ఇవే ఇస్తుంది, అయితే సైన్స్ సబ్జెక్టులకు మాత్రమే. ఈ రెండు నెట్‌లనూ ఇప్పుడు ఎన్‌టీఏ (జాతీయ పరీక్షల సంస్థ) నిర్వహిస్తోంది.

మన తెలంగాణలో సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) ఉంది. మొన్నటి దాకా టీఎస్ సెట్, ఇప్పుడు టీజీ సెట్. ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తుంది. ఇది పాఠం చెప్పే అర్హత మాత్రమే ఇస్తుంది. ఫెలోషిప్ లేదు. ఆ అర్హత కూడా తెలంగాణలోని యూనివర్సిటీలు, కాలేజీల వరకే. 2002 జూన్ 1 తర్వాత జరిగిన సెట్‌లన్నీ ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానికే చెల్లుతాయని యూజీసీ నిబంధన. గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి హైదరాబాద్‌లో ఉంటున్నవారు ఈ సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఆంధ్రా యూనివర్సిటీ పెట్టే ఏపీ సెట్ పాసైతే ఇక్కడ పనికిరాదు, ఇక్కడి సెట్ అక్కడ పనికిరాదు. ఏ రాష్ట్రంలో స్థిరపడతారో ఇంకా తేలకపోతే నెట్ మీదే బలం పెట్టండి. నెట్ అర్హత దేశమంతా చెల్లుతుంది, జీవితాంతం ఉంటుంది.

గేట్ దారి వేరు. అది ఎంటెక్, పీహెచ్‌డీ సీట్లకూ, వాటితోపాటు ఆ సంస్థ ఇచ్చే స్టైపెండ్‌కూ పనికొస్తుంది. దానివల్ల డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే అర్హత రాదు. అలాగే ఇంజినీరింగ్ కాలేజీల్లో బీటెక్ బ్రాంచీలకు పాఠం చెప్పాలంటే నెట్ అక్కర్లేదు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) నిబంధనల ప్రకారం బీటెక్, ఎంటెక్ ఉండి, రెండింటిలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ ఉంటే సరిపోతుంది. ఎంటెక్ చేసినవారు "అందరూ రాస్తున్నారు కదా" అని కంప్యూటర్ సైన్స్ నెట్ రాయడం చూస్తుంటాను. రాయడంలో తప్పులేదు, ఫెలోషిప్ వస్తే మంచిదే. ఉద్యోగానికి అది తప్పనిసరి అనుకుంటేనే పొరపాటు.

వ్యవసాయ విద్యార్థుల సంగతి వేరు. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఏఎస్‌ఆర్‌బీ (వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి) నిర్వహించే నెట్ ఉంది. దానికి ఫెలోషిప్ లేదు. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ఫెలోషిప్‌కు ఇంకో పరీక్ష రాయాలి. ఫిజిక్స్ వాళ్లకు జెస్ట్, మ్యాథ్స్ వాళ్లకు ఎన్‌బీహెచ్‌ఎం పరీక్షలు కూడా ఉన్నాయి. అవి రీసెర్చ్ కోసమే తప్ప లెక్చరర్ అర్హత కోసం కాదు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. నెట్ అయినా సెట్ అయినా అర్హత మాత్రమే, ఉద్యోగం కాదు. డిగ్రీ లెక్చరర్ పోస్టులకు టీజీపీఎస్సీ (తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్) నోటిఫికేషన్, యూనివర్సిటీ పోస్టులకు ఆ యూనివర్సిటీ నోటిఫికేషన్ వేరేగా రావాలి. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న నిబంధనను 2023 జులైలో యూజీసీ తీసేసింది. కనీస అర్హతగా నెట్ లేదా సెట్ ఉంటే చాలు. 2025 జనవరిలో కొత్త నిబంధనల ముసాయిదా కూడా వచ్చింది. కాబట్టి నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో రాసిన అర్హతే ప్రమాణం, సీనియర్ చెప్పిన మాట కాదు.

2. మీ సబ్జెక్టు ఏ పరీక్షలో ఉందో చూడండి

సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఉన్నవి ఐదే: కెమికల్ సైన్సెస్, ఫిజికల్ సైన్సెస్, మ్యాథమెటికల్ సైన్సెస్, లైఫ్ సైన్సెస్, భూమి-వాతావరణం-సముద్రాలకు సంబంధించిన ఎర్త్ సైన్సెస్. మిగతావి, అంటే తెలుగు, ఇంగ్లిష్, చరిత్ర, ఎకనామిక్స్, కామర్స్, మేనేజ్‌మెంట్, ఎడ్యుకేషన్, జర్నలిజం లాంటివన్నీ యూజీసీ నెట్‌లో ఉంటాయి.

తికమక పడేది అంచుల్లో ఉన్న సబ్జెక్టులవాళ్లే. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసినవారు సీఎస్‌ఐఆర్ మ్యాథమెటికల్ సైన్సెస్ రాయాలి. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బోటనీ, జువాలజీ వాళ్లందరికీ లైఫ్ సైన్సెస్. జియాలజీ ఎర్త్ సైన్సెస్‌లోకి వస్తుంది, జాగ్రఫీ మాత్రం యూజీసీ నెట్‌లో విడిగా ఉంది. ఎమ్మెస్సీ కంప్యూటర్స్, ఎంసీఏ వాళ్లకు యూజీసీ నెట్‌లో కంప్యూటర్ సైన్స్ ఉంది. ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్, ఎలక్ట్రానిక్ సైన్స్, హోం సైన్స్, సైకాలజీ కూడా యూజీసీవే.

సెట్‌లో ఈ గీత లేదు. సైన్స్, ఆర్ట్స్, కామర్స్ అన్నీ ఒకే పరీక్ష కింద ఉంటాయి, మొత్తం 29 సబ్జెక్టులు. మీ పీజీ సబ్జెక్టు ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

3. మార్కుల శాతం, వయసు, సర్టిఫికెట్: చాలామంది జారిపడేది ఇక్కడే

యూజీసీ నెట్‌కు పీజీలో జనరల్, ఈడబ్ల్యూఎస్ వారికి 55 శాతం, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కిందకి రాని), ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ, థర్డ్ జెండర్ అభ్యర్థులకు 50 శాతం ఉండాలి. దీన్ని పైకి సవరించరు. 54.9 అంటే 54.9 మాత్రమే, 55 కాదు. గ్రేడ్ పాయింట్లు ఉన్న మెమో అయితే మీ యూనివర్సిటీ ఇచ్చిన సూత్రంతోనే శాతం కట్టాలి, ఇంటర్నెట్‌లో దొరికిన లెక్కతో కాదు. ఫైనల్ ఇయర్‌లో ఉన్నవారు కూడా రాయొచ్చు, కానీ నెట్ ఫలితం వచ్చిన రెండేళ్లలోపు కావలసిన శాతంతో పీజీ పూర్తి చేసి చూపించాలి. ఒక బ్యాక్‌లాగ్ పేపర్‌ను నిర్లక్ష్యం చేసి ఈ గడువు దాటించుకోకండి.

నాలుగేళ్ల డిగ్రీ చేసి 75 శాతం ఉన్నవారికి కూడా 2024 నుంచి నెట్ తలుపు తెరిచారు. వారు జేఆర్‌ఎఫ్‌కు, పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీపడొచ్చు. పీజీ లేదు కాబట్టి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత రాదు.

వయసు లెక్క ఫెలోషిప్‌కే. యూజీసీ జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్లు దాటకూడదు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. మహిళలందరికీ కూడా ఐదేళ్ల సడలింపు ఉంది, ఏ కేటగిరీ అయినా. ఈ ఒక్క విషయం తెలియక పెళ్లయి, పిల్లలు పుట్టాక "ఇక మా వల్ల కాదు" అని ఆగిపోయిన ఆడపిల్లలు ఎందరో. 33 ఏళ్ల తల్లి జేఆర్‌ఎఫ్‌కు ధైర్యంగా అప్లై చేయొచ్చు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు అసలు వయోపరిమితే లేదు, నెట్‌లోనూ లేదు, సెట్‌లోనూ లేదు.

ఇప్పుడు సర్టిఫికెట్. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన రాష్ట్రంలో బీసీ విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మీ దగ్గర ఉన్న బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ సర్టిఫికెట్ రాష్ట్ర ప్రభుత్వానిది. నెట్ కేంద్ర పరీక్ష. అందులో ఓబీసీ అని పెట్టాలంటే మూడు షరతులు తీరాలి: మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, మీరు క్రీమీలేయర్ కిందకి రాకూడదు, సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. అందువల్ల డిగ్రీలో, పీజీలో బీసీ కోటాలో సీటు వచ్చినవారు నెట్‌లో జనరల్ కింద రాయాల్సి రావచ్చు. అప్పుడు 55 శాతం నిబంధనా, 30 ఏళ్ల పరిమితీ మీకు వర్తిస్తాయి.

కాబట్టి ఈ పని నోటిఫికేషన్ దాకా ఆగకుండా ఇప్పుడే చేయండి. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో తెలంగాణ కేంద్ర ఓబీసీ జాబితా తీసి మీ కులం పేరు వెతకండి, స్పెల్లింగ్ కూడా చూడండి. ఉంటే మీసేవలో ఓబీసీ సర్టిఫికెట్‌కు అప్లై చేయండి. కౌంటర్ దగ్గర "బీసీ సర్టిఫికెట్" అంటే మళ్లీ రాష్ట్రానిదే చేతికొస్తుంది. "సెంట్రల్ గవర్నమెంట్‌కు ఓబీసీ, నాన్ క్రీమీలేయర్" అని స్పష్టంగా అడగండి. తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చాక పేరు, తండ్రి పేరు, కులం పేరు, జారీ తేదీ అన్నీ టెన్త్ మెమోతో పోల్చి చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరంతో ముడిపడి ఉంటుంది.

సెట్‌లో ఈ బాధ లేదు. అక్కడ రాష్ట్ర కేటగిరీలే లెక్క, మీ బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుంది. కేంద్ర జాబితాలో లేని కులంవారు సెట్‌ను చిన్నచూపు చూడకూడదని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

4. హైదరాబాద్‌లో బతకడానికి ఎంత వస్తుందో లెక్క వేసుకోండి

జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత పని సంతృప్తికరంగా ఉందని కమిటీ చెబితే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000. 2023 జనవరి 1 నుంచి ఈ రేట్లు అమల్లో ఉన్నాయి. హాస్టల్ తీసుకోనివారికి దీనిమీద హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఉంటుంది. కేంద్రం లెక్కలో హైదరాబాద్ ఎక్స్ కేటగిరీ నగరం కాబట్టి అన్నిటికన్నా పై రేటే వర్తిస్తుంది. పుస్తకాలు, ఫీల్డ్‌వర్క్ లాంటి వాటికి ఏడాదికి కొంత కంటింజెన్సీ కూడా ఇస్తారు. యూజీసీ కింద మొదటి రెండేళ్లు ఆర్ట్స్ వారికి 10,000, సైన్స్ వారికి 12,000. మొత్తం మీద ఐదేళ్ల దాకా ఈ ఆసరా ఉంటుంది.

అది లేకపోతే ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. సెంట్రల్ యూనివర్సిటీలో జేఆర్‌ఎఫ్ లేకుండా పీహెచ్‌డీలో చేరినవారికి ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. రాష్ట్ర యూనివర్సిటీల్లో యూజీసీ ఇచ్చే ఆ 8,000 కూడా ఉండదు. ఒకే ల్యాబ్‌లో, ఒకే గైడ్ (పరిశోధన పర్యవేక్షకుడు) దగ్గర పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి 37,000, ఇంకొకరికి 8,000. రెండోవారు సాయంత్రాలు ట్యూషన్లు చెప్తూ, థీసిస్ వెనక్కి నెట్టుకుంటూ పోతారు. ఇది వారి ప్రతిభలో లోటు కాదు. కానీ ఆ పరిస్థితి రాకుండా చూసుకోగలిగితే చూసుకోండి. ఒక సైకిల్ ఆగి, ఇంకో ఆరు నెలలు చదివి జేఆర్‌ఎఫ్‌తో చేరడం చాలామందికి మేలు. ఎస్సీ, ఓబీసీ విద్యార్థులకు నెట్ రాసినవారిలోంచే ఎంపిక చేసే ప్రత్యేక జాతీయ ఫెలోషిప్‌లు కూడా ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ కొద్దిలో పోయిందని ఆ జాబితాలు చూడకుండా వదిలేయకండి.

జేఆర్‌ఎఫ్ ఉంటే సీటు దగ్గర కూడా తేడా ఉంటుంది. ఓయూలో ఫెలోషిప్ ఉన్నవారు కేటగిరీ-1 కింద, ఎంట్రన్స్ రాయకుండా పీహెచ్‌డీకి అప్లై చేస్తారు. లేనివారు కేటగిరీ-2 కింద ఎంట్రన్స్ రాయాలి.

సైన్స్ విద్యార్థులకు ఈ నగరం నిజంగా వరం. తార్నాక నుంచి ఉప్పల్ రోడ్డు వెంట వెళ్తే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వరసగా తగులుతాయి. మూడూ సీఎస్‌ఐఆర్ ల్యాబులే. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్ ఉన్నాయి. ఇంట్లోంచి బస్సులో వెళ్లి రీసెర్చ్ చేసుకోగలిగిన పిల్లలు సీఎస్‌ఐఆర్ నెట్‌ను మనసుపెట్టి రాయాలి. ఇంజినీరింగ్ వాళ్లకు కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఉంది. అక్కడ పీహెచ్‌డీ స్కాలర్లకు కేంద్ర విద్యాశాఖ ఇచ్చేదీ అదే 37,000, 42,000. అంటే గేట్‌తో వెళ్లినా నెలకు చేతికొచ్చే ఫెలోషిప్ తక్కువేమీ కాదు.

5. ప్రశ్నపత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి

యూజీసీ నెట్, టీజీ సెట్ రెండింటి స్వరూపం ఒకటే. పేపర్-1లో 50 ప్రశ్నలు 100 మార్కులకు, పేపర్-2లో మీ సబ్జెక్టు నుంచి 100 ప్రశ్నలు 200 మార్కులకు. మధ్యలో విరామం లేకుండా మూడు గంటలు. నెగటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి.

పాస్ కావడానికి జనరల్ వారికి రెండు పేపర్లూ కలిపి 40 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 35 శాతం రావాలి. అయితే అంతటితో సరిపోదు. రెండు పేపర్లూ రాసినవారిలో 6 శాతం మందికే అర్హత ఇస్తారు, సబ్జెక్టు వారీగా, కేటగిరీ వారీగా కటాఫ్ పెట్టి. 40 శాతం దాటగానే వచ్చేసినట్టే అని ఎవరైనా చెబితే నమ్మకండి.

పేపర్-1ను చాలామంది చివరి వారానికి వదిలేస్తారు. నా దృష్టిలో జేఆర్‌ఎఫ్ తేలేది అక్కడే. సబ్జెక్టులో అందరూ కాస్త అటూఇటూగా ఒకేలా చదివి వస్తారు, పేపర్-1లో తేడా తెచ్చినవాళ్లు పైకి వెళ్తారు. పది యూనిట్లు, ఒక్కోదాంట్లోంచి ఐదు ప్రశ్నలు. డేటా ఇంటర్‌ప్రెటేషన్‌లో ఒక పట్టిక ఇచ్చి ఐదు ప్రశ్నలు అడుగుతారు. ఒక కాలేజీలో విద్యార్థులు 1,200 నుంచి 1,380కి పెరిగితే పెరుగుదల ఎంత శాతం, ఇలాంటివి. పెరిగింది 180, 1,200లో 12 అంటే ఒక శాతం, కాబట్టి 15 శాతం. నోటితో కట్టే లెక్కే. ఆర్ట్స్ విద్యార్థులు పట్టిక చూడగానే దాటేసి 10 మార్కులు వదులుకుంటారు. రోజుకు ఒక పట్టిక చొప్పున నెల రోజులు చేస్తే ఆ భయం పోతుంది.

లాజికల్ రీజనింగ్‌లో భారతీయ తర్కశాస్త్రం కూడా ఉంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి, అనుపలబ్ధి అనే ఆరు ప్రమాణాలు, వ్యాప్తి, హేత్వాభాసాలు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఊహించడం అనుమాన ప్రమాణం. తెలుగు చదువుకున్నవారికి ఈ మాటలు పరిచయమే, కాబట్టి ఇక్కడ మీకు సులువుగా మార్కులొస్తాయి. ఉన్నత విద్యా వ్యవస్థ యూనిట్‌కు రాధాకృష్ణన్ కమిషన్, కొఠారీ కమిషన్, 2020 జాతీయ విద్యావిధానం బాగా చూడండి.

తెలుగు మీడియంలో చదివినవారికి ఒక మాట. యూజీసీ నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. భాషా సబ్జెక్టులకు పేపర్-2 మాత్రం ఆ భాషలో వస్తుంది. అంటే తెలుగు ఎమ్మే విద్యార్థి కూడా పేపర్-1ను ఇంగ్లిష్‌లోనే చదివి అర్థం చేసుకోవాలి. పాఠం తెలుగులో అర్థం చేసుకోండి, ప్రాక్టీస్ మాత్రం మొదటి రోజు నుంచే ఇంగ్లిష్ పేపర్లతో చేయండి. సెట్‌లో మీ సబ్జెక్టు పేపర్ ఏ భాషలో ఇస్తారో ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బ్రోచర్‌లో చూసుకోండి.

సీఎస్‌ఐఆర్ పూర్తిగా వేరే ఆట. 200 మార్కులు, మూడు గంటలు, ఏ, బీ, సీ అని మూడు భాగాలు. లైఫ్ సైన్సెస్ తీసుకుందాం. పార్ట్-ఏలో 20 ఇస్తారు, 15 రాయాలి, ఒక్కోటి 2 మార్కులు. పార్ట్-బీలో 50కి 35 రాయాలి, ఒక్కోటి 2. పార్ట్-సీలో 75కి 25 మాత్రమే, ఒక్కోటి 4. తప్పుకు నాలుగో వంతు పోతుంది, అంటే పార్ట్-సీలో ఒక తప్పుకు ఒక మార్కు. సగం మార్కులు ఈ 25 ప్రశ్నల్లోనే ఉన్నాయి, అవి ప్రయోగాల మీద, గ్రాఫుల మీద ఉంటాయి. కాబట్టి బిట్లు బట్టీపట్టే చదువు ఇక్కడ నడవదు. సిలబస్‌లో సగం యూనిట్లే తీసుకుని లోతుగా చదివినవాళ్లకు 75లోంచి 25 ఎంచుకునే వీలుంటుంది. చెప్పినదానికన్నా ఎక్కువ ప్రశ్నలు రాస్తే వరసలో ముందున్నవే దిద్దుతారు. మొదట్లో ఊహించి పెట్టిన జవాబులు చివర్లో తెలిసి రాసినవాటి చోటు తినేస్తాయి.

మ్యాథ్స్ వాళ్లకు లెక్క మారుతుంది. పార్ట్-సీలో ఒక్కో ప్రశ్నకు 4.75 మార్కులు, సరైన ఆప్షన్లు ఒకటికన్నా ఎక్కువ ఉండొచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కులు. కానీ అక్కడ నెగటివ్ లేదు. మీ సబ్జెక్టు పథకాన్ని చేత్తో రాసి గోడకు అంటించుకోండి.

సీఎస్‌ఐఆర్‌కు చదివేవారు సెట్ కూడా రాస్తుంటే ఒకటి మరవొద్దు. సైన్స్ వాళ్లకు కూడా సెట్‌లో పేపర్-1 ఉంటుంది. టీచింగ్ ఆప్టిట్యూడ్ పుస్తకం ముట్టుకోకుండా వెళ్తే 100 మార్కుల పేపర్‌ను ఊహ మీద రాయాల్సి వస్తుంది.

6. క్యాలెండర్ వేసుకోండి, కానీ పేరు చూసి మోసపోకండి

రెండు నెట్‌లూ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సైకిళ్లుగా వస్తాయి. పేరులో ఉన్న నెలలోనే జరుగుతాయని లేదు. 2024 డిసెంబర్ యూజీసీ నెట్ 2025 జనవరిలో జరిగింది. అంతకుముందు 2024 జూన్ 18న జరిగిన పరీక్షను మర్నాడే రద్దు చేసి, మళ్లీ ఆగస్టు 21 నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా నిర్వహించారు. ఆ రెండు నెలలూ పిల్లలు పడ్డ టెన్షన్ దగ్గర్నుంచి చూశాను. కాబట్టి పెళ్లి ముహూర్తం, ఉద్యోగం మానేయడం లాంటివి పరీక్ష తేదీకి కట్టేయకండి. గేట్ మాత్రం ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది, దానికి అప్లికేషన్లు ఆగస్టు ప్రాంతంలోనే మొదలవుతాయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

కొత్తగా మొదలుపెట్టే ఆర్ట్స్, కామర్స్ విద్యార్థికి నేను చెప్పేది: యూజీసీ నెట్ రెండు సైకిళ్లు, మధ్యలో వచ్చిన సెట్ ఒకటి. సిలబస్ దాదాపు ఒకటే కాబట్టి చదువు వృథా పోదు. యూజీసీ నెట్ ఫీజు జనరల్‌కు 1,150, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌కు 600, ఎస్సీ, ఎస్టీలకు 325 ఉంటోంది. పరీక్ష మీద పరీక్ష కట్టుకుంటూ పోయేముందు దీన్ని కూడా ఖర్చులో వేసుకోండి.

కోచింగ్ గురించి అడుగుతారు. పాత ప్రశ్నపత్రాలు ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి, పుస్తకాలు కోఠిలో సగం ధరకు దొరుకుతాయి, కూర్చోవడానికి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ముందు రెండు పాత పేపర్లు టైం పెట్టుకుని రాయండి. ఏ యూనిట్‌లో మార్కులు పోతున్నాయో తెలిశాక, దానికి కోచింగ్ అవసరమా అని అప్పుడు ఆలోచించండి.

7. పరీక్ష రోజు

సెంటర్ నగరం శివార్లలోని ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనో పడొచ్చు. ముందు రోజే వెళ్లి చూసి రండి. మెట్రో దిగాక ఇంకా ఎంత దూరం పోవాలో, ఉదయం షిఫ్టుకు ఆ టైంలో బస్సు ఉందో లేదో తెలుస్తుంది. గేటు మూసే సమయం అడ్మిట్ కార్డు మీద ఉంటుంది, ఒక్క నిమిషం దాటినా లోపలికి పంపరు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆప్షన్ నొక్కితే చాలదు, సేవ్ కూడా చేయాలి. జవాబు పెట్టి రివ్యూకు గుర్తు పెట్టినవి కూడా దిద్దుతారు, భయపడక్కర్లేదు. ఈ తెర అలవాటు కావడానికి ఎన్‌టీఏ సైట్‌లోని మాక్ టెస్ట్ ఒక్కసారైనా రాయండి.

8. ఫలితం వచ్చాక ఆలస్యం చేయకండి

అర్హత సాధించినవారు ఈ-సర్టిఫికెట్‌ను వెంటనే డౌన్‌లోడ్ చేసి, పేరు, కేటగిరీ సరిగా ఉన్నాయో చూసి, రెండు మూడు చోట్ల దాచుకోండి.

జేఆర్‌ఎఫ్ లేని రెండు మెట్లవారికి గడువు చిన్నది. నెట్ స్కోరుతో పీహెచ్‌డీలో చేరే అవకాశం ఒక్క ఏడాదే. ఆ ప్రవేశాల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. కాబట్టి ఫలితం రాకముందే రెండు పేజీల రీసెర్చ్ ప్రపోజల్ సిద్ధం చేసుకోండి, మీ అంశం మీద పనిచేస్తున్న గైడ్ ఏ యూనివర్సిటీలో ఉన్నారో వెతకండి, వారి దగ్గర ఖాళీ ఉందో మెయిల్ రాసి అడగండి.

జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి మూడేళ్లు ఉంటాయి. అందుకే చాలామంది బద్ధకిస్తారు, మంచి గైడ్‌ల దగ్గర సీట్లు ఈలోపు నిండిపోతాయి. పీహెచ్‌డీలో చేరిన రోజే జాయినింగ్ రిపోర్టు మీద గైడ్, హెడ్ సంతకాలు చేయించి యూనివర్సిటీ ఫెలోషిప్ సెక్షన్‌లో ఇవ్వండి. ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా ఉండాలి. యూజీసీ ఫెలోషిప్ దానంతటదే పడదు, మీరు పనిచేస్తున్నారని యూనివర్సిటీ ప్రతి నెలా పోర్టల్‌లో నిర్ధారిస్తేనే డబ్బు విడుదలవుతుంది. ఒక నెల అది తప్పితే ఆ నెల ఆగిపోతుంది. ఆ పని చూసే ఉద్యోగి ఎవరో మొదటి వారంలోనే తెలుసుకుని, ప్రతి నెలా గడువుకు ముందే మీ హాజరు కాగితం వారికి అందించండి.